తోడు పెట్టిన నిద్ర

నిద్ర పట్టని మనిషికి సలహాలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళందరూ హాయిగా నిద్రపోయేవాళ్ళే. గోరువెచ్చని పాలలో జాజికాయ అరగదీసి తాగమంటారు. అరికాళ్ళకు నువ్వులనూనె పట్టించమంటారు. ఉత్తరం వైపు తల పెట్టొద్దు, పొద్దుపోయాక ఫోను చూడొద్దు అంటారు. రాత్రిపూట పెరుగన్నం తినమని ఒకరంటే, తిన్నావంటే అంతే సంగతులని ఇంకొకరు. నేను అన్నీ చేశాను. గసగసాలు నూరుకుని తాగాను. వెల్లకిలా పడుకుని, కడుపు నిండా గాలి పీల్చి, మెల్లగా వదిలాను. నూనె జిడ్డుకి దుప్పట్లు పాడయ్యాయి తప్ప నాకు కన్ను మూతపడలేదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. అంతకుముందు మాత్రం గొప్పగా పడుకున్నానా అంటే అదీ లేదు.

నా కోడలు సత్యవేణి సంగతి వేరు. దిండు మీద తల వాలిస్తే చాలు. దిండు లేకపోయినా చాలు. ఆటోలో, పెళ్ళిపందిట్లో బ్యాండు మేళం పక్కన, కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం, ఆ పిల్లకి ఎక్కడైనా ఒకటే. మీ కోడల్ని మంచంతో సహా ఎత్తుకుపోయినా తెలీదని పక్కింటి భూలక్ష్మి ఆటపట్టించేది. వేణి నవ్వేసి ఊరుకునేది. నేను నవ్వేదాన్ని కాదు. పక్క గదిలో ఒకరు అంత సుఖంగా నిద్రపోతుంటే మేలుకుని ఫ్యాను కేసి చూసేవాళ్ళకి తెలుస్తుంది ఆ కడుపుమంట.

అయితే ఒక్క విషయం నాకు అంతుపట్టేది కాదు. మా మనవరాలు ఇందుకి ఏడాది పిల్లప్పుడు జ్వరం ఎక్కువై ఫిట్స్ మొదలయ్యాయి. ఇప్పుడు నాలుగేళ్ళు నిండాయి. మందులు వాడుతున్నాం, పగలు ఆడుతుంటే ఏమీ ఉండదు. నిద్రలో వస్తాయి. అరుపు ఉండదు, చప్పుడు ఉండదు, పిల్ల బిగుసుకుపోతుందంతే. ఆ నిమిషంలో పక్కకి తిప్పి పడుకోబెట్టి ముక్కులో మందు కొట్టాలి, ఆలస్యమైతే మెదడుకి దెబ్బ అని డాక్టర్లు మొదటే చెప్పారు. మొద్దు నిద్ర పోయే మా వేణికి సరిగ్గా ఆ నిమిషానికే మెలకువ వచ్చేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఎలా లేచావే అని అడిగితే, "ఏమోనండి అత్తయ్యగారండి, లేచేశానంతే" అనేది.

కాకినాడ బీచ్ రోడ్డులో జోల నిద్రాశాల అని ఒకటి తెరిచారని విని, మా అబ్బాయి వీరబాబు నన్ను తీసుకెళ్ళాడు. వాడు పోర్టులో క్రేను నడుపుతాడు, ఆ రోజు సెలవు పెట్టుకున్నాడు. ఇందుని వదిలి రావడం కుదరక వేణి కూడా వచ్చింది. లోపల చల్లగా ఉంది. ఇంకేముంది, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో పిల్లతో, వేణి నిద్రపోయింది. పక్కన ఎవరో ఫోనులో గొడవ పడుతున్నారు, ఇంకెవరో గోడకి డ్రిల్లింగు మెషీనుతో కన్నాలు పెడుతున్నారు. నన్ను పిలవడానికి బయటికి వచ్చిన డాక్టర్ విశ్వంభర్ నన్ను చూడలేదు. వేణినే చూస్తూ నిలబడిపోయాడు. ఆ తర్వాత నా నిద్ర గురించి ఎవరూ పెద్దగా అడగలేదు.

ఆయన కనిపెట్టిన వస్తువు పేరు జోల పట్టీ. నుదుటికి కట్టుకునే మెత్తటి గుడ్డ, లోపల గోరంత యంత్రం. బాగా నిద్రపోయే మనిషికి కొన్నాళ్ళు కడితే, ఆ నిద్రలో మెదడు ఎలా నడుస్తుందో ఆ నడకంతా అది నేర్చుకుంటుంది. తర్వాత నిద్ర రానివాళ్ళకి కడితే వాళ్ళ మెదడుకి అదే నడక నేర్పుతుంది. ఇలాంటి నిద్ర తన పరిశోధనలో ఎక్కడా దొరకలేదని డాక్టరు చెప్పుకొచ్చాడు. నేను అంతా విని, అంటే మా కోడలి నిద్ర ఒక చెంచాడు తీసి నా తలలో తోడు పెడతారన్నమాట, పాలు పెరుగైనట్టు, అన్నాను. ఆయన తెగ నవ్వాడు. తర్వాత ఆ మాటని తన ప్రకటనలన్నిటిలోనూ వాడుకున్నాడు. నన్ను ఒక్క ముక్క అడగలేదు.

ఇంటికొచ్చాక వీరబాబు సందేహించాడు. వేణి మాత్రం సందేహించలేదు.

"తీసుకోమనండి. అత్తయ్యగారికి నిద్ర పడద్ది కదండి. నాకేం తరిగిపోద్ది?" అంది మొగుడితో.

ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను.

వేణి కొన్ని మధ్యాహ్నాలు పిల్లని పక్కనేసుకుని నిద్రాశాలలో పడుకుని వచ్చింది. అలా తయారైన మొదటి పట్టీ నాకే కట్టారు. అది ప్రయోగం కోసం చేసినది, ఫోనుతో సంబంధం లేనిది. ఒక పట్టీ ఒక్కరికేనని గట్టిగా చెప్పారు. వేరేవాళ్ళకి కడితే అది వాళ్ళ తలకి అలవాటు పడిపోతుందట, మళ్ళీ మొదటివాళ్ళకి పనిచేయదట. సరేనన్నాను. మర్నాడు కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది, వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు. నాకు మొదట భయం వేసింది. ఇంత పొద్దెక్కేదాకా పడుకున్నానంటే ఒంట్లో ఏదో అయిందనుకున్నాను. ఆ తర్వాత ఆకలేసింది. ఎన్నో ఏళ్ళుగా ఎరగని ఆకలి. నేను నాలుగు ఇడ్లీలు తిని మళ్ళీ పెట్టమంటే వేణి చేతిలో గరిటె పట్టుకుని నవ్వింది. ఇంత సుఖం పెట్టుకుని ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఒక్కనాడు గొప్ప చెప్పుకోలేదే అనుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక సంగతి గమనించాను. పొద్దున లేచేసరికి నా కుడి చెయ్యి పక్కకి చాపి ఉండేది, అరచెయ్యి పరుపు మీద బోర్లించి. రోజూ అంతే, అదే చోట. మా ఆయన గుర్తొచ్చి ఈ వయసులో ఇదేం చోద్యమని సిగ్గేసింది. అయితే ఆయన పడుకునేది అటువైపు కాదు. పైగా ఆ చెయ్యి ఉన్నచోటు మగమనిషి ఛాతీ ఉండే చోటు కూడా కాదు. బాగా కిందకి, నా మోచేతికి దగ్గరగా, చిన్నపిల్ల పొట్ట ఉండేంత దూరంలో ఉండేది.

ఆ మధ్యాహ్నం వేణి, ఇందు చాప మీద పడుకుంటే నేను గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. చూశాను. మనిషి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెయ్యి మాత్రం లేచింది. పక్కకి జరిగింది. పిల్ల పొట్ట మీద వాలి, ఒక ఊపిరి లోపలికి వెళ్ళి బయటికి వచ్చేదాకా ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కాసేపటికి మళ్ళీ వెళ్ళింది. నిద్ర చెదరలేదు, మొహంలో చిన్న కదలిక లేదు. ఆ చెయ్యి కాపలా ఉంది కాబట్టే మిగతా ఒళ్ళంతా అంత నిశ్చింతగా పడుకుంటోంది. మొద్దు నిద్రంటూ ఆ పిల్లని ఇన్నాళ్ళు ఎగతాళి చేసిన నోళ్ళన్నిటికీ వాత పెట్టాలనిపించింది.

ఇంతలో జోల పట్టీ బజారులోకి వచ్చేసింది. హైదరాబాదులో, బెంగుళూరులో జనం ఎగబడి కొన్నారు. వాటన్నిటిలోనూ ఉన్నది మా వేణి నిద్రే. వాటన్నిటితో పాటు ఆ చెయ్యీ వెళ్ళింది. ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒంటరిగా ఉండేవాళ్ళు నిద్రలో చెయ్యి చాపి, ఏమీ తగలక, ఉలిక్కిపడి లేచి ఎందుకో తెలియకుండా ఏడ్చేవారట. ఒకాయన మంచం అంచున పడుకుని బల్లమీది గాజు లోటా తోసేసి చెయ్యి కోసుకున్నాడట. డాక్టరు మమ్మల్ని పిలిపించి, వేణి నిద్రలో ఒక దోషం ఉందని చెప్పాడు.

దోషమన్న మాట వినగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. అది దోషం కాదనీ, పిల్లకి నిద్రలో ఫిట్స్ వస్తాయి కాబట్టి తల్లి చెయ్యి ఊపిరి చూసుకుంటోందనీ, నేను కళ్ళారా చూశాననీ విడమరిచి చెప్పాను. వేణి నోరు తెరిచి నా వంక చూసింది. ఆ పిల్లకే ఆ సంగతి తెలియదు. డాక్టరు తల ఊపుతూ విన్నాడు. చిన్నపిల్లలు చెప్పే కథ వినేవాళ్ళు అలాగే తల ఊపుతారు. కండరాలకి అనవసరంగా వెళ్ళే సంకేతం అమ్మా అది, అన్నాడు. రికార్డులో సరిచేస్తామని, వేణికి ఏమీ కాదని, మళ్ళీ కొన్ని మధ్యాహ్నాలు వచ్చి పడుకుంటే చాలని చెప్పాడు. కొంచెం శుభ్రం చేయాలి, అంతే, అన్నాడు. వేణి సరేనంది. ఆ పిల్లకి కాదనడం రాదు.

వేణి వెళ్ళి పడుకుని వచ్చింది. అమ్మిన పట్టీలన్నీ ఫోనుల ద్వారా వాటంతట అవే కొత్త నిద్రకి మారిపోయాయి. నా పట్టీ తెచ్చిస్తే మార్చి ఇస్తామని ఫోను చేశారు. రేపు తెస్తాను, ఎల్లుండి తెస్తాను అంటూ దాటేశాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిద్రపోతున్నాను. దాన్ని చేతుల్లోంచి ఎవరికి ఇస్తాను?

ఒక తెల్లవారుజామున వీరబాబు డ్యూటీ దిగి వచ్చేసరికి ఇందు దిండులో మొహం పెట్టి బిగుసుకుపోయి ఉంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. పెదాలు నల్లబడ్డాయి. పక్కనే, జానెడు దూరంలో, వేణి ప్రశాంతంగా నిద్రపోతోంది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, తీర్చి పడుకోబెట్టినట్టు. వాడి అరుపుకి నేను లేచాను. వేణిని మాత్రం భుజాలు పట్టుకుని కుదిపితే గాని లేవలేదు.

పిల్ల బతికింది. పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉన్నాం. కుడి చేతిలో పట్టు పోయింది. గలగలా మాట్లాడే పిల్ల ఇప్పుడు ఒక్కో మాట కోసం వెతుక్కుంటోంది. నీళ్ళు అనడానికి వేలు చూపిస్తుంది. ఫిట్స్ చాలాసేపు ఉన్నాయి, ఎవరైనా వెంటనే చూసుంటే బావుండేదని అక్కడి డాక్టరమ్మ అంది. ఆవిడ తప్పు లేదు, ఉన్నమాట అంది. వేణి ఆ మాట విని గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చుంది.

నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా బీచ్ రోడ్డుకి వెళ్ళాను. డాక్టర్ విశ్వంభర్ మీటింగులో ఉన్నాడన్నారు. ఆ తలుపు తోసుకునే వెళ్ళాను. లోపల నలుగురు కూర్చుని ఉన్నారు, గోడ మీద పెద్ద బొమ్మలో ఎవరో అందమైన అమ్మాయి పట్టీ కట్టుకుని నవ్వుతూ పడుకుని ఉంది. చెయ్యి ఎక్కడికి పోయిందని అడిగాను. నలుగురూ అర్థం కాక చూశారు, ఆయనకి మాత్రం అర్థమైంది.

రికార్డులో తీసేద్దామని మొదట నిజంగానే ప్రయత్నించారట. ఆ చెయ్యి తీసేస్తే నిద్ర నిలబడలేదట, విరిగిన పాలలా ముక్కలైపోయిందట. అందుకని వేణి పడుకున్నప్పుడు, ఆ సంకేతం లేచిన ప్రతిసారీ పట్టీతో దాన్ని నొక్కేశారు. నొక్కగా నొక్కగా మెదడు దాన్ని పంపడం మానేసింది. అప్పుడు శుభ్రంగా రికార్డు చేసుకున్నారు. ఇదంతా ఆయన నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఆ పిల్లకి చెప్పారా?" అన్నాను.

"శుభ్రం చేస్తామని చెప్పామమ్మా. ఆవిడ ఒప్పుకున్నారు."

"ఏం శుభ్రం చేస్తున్నారో చెప్పారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వైద్యపరంగా రెండింటికీ సంబంధం ఉందని రుజువు లేదన్నాడు. పాతది తిరిగి పెట్టమన్నాను. తుడిచేశామన్నాడు. కావాలంటే ఇందుకి ఒక పట్టీ ఉచితంగా ఇస్తామన్నాడు. బల్ల మీద ఉన్న నీళ్ళ సీసా ఆయన మీదకి విసిరాను. తగల్లేదు. నాకు ఇప్పటికీ ఉన్న విచారం అదొక్కటే.

అక్కడితో అయిపోతే బావుండేది. ఇందుని ఇంటికి తీసుకొచ్చాక వేణి పడుకోవడం మానేసింది. నేను పిల్ల పక్కన పడుకుంటాను, నా పట్టీలో చెయ్యి ఉంది కదా అని చెప్పాను. పడుకున్నాను కూడా. వేణి వినలేదు. పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని, కళ్ళు ఇంతింత చేసుకుని, ఆ పొట్ట కేసే చూస్తూ ఉండేది. నిద్ర ముంచుకొస్తే తొడ గిల్లుకునేది. పగలు చూస్తే తొడంతా నల్లగా కమిలిపోయి ఉండేది. అన్నం వారుస్తూ తూలి గంజి కాలి మీద పోసుకుంది. వీరబాబు బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు.

"పడుకుంటే నేను మళ్ళీ అలాగే పడుంటానండి అత్తయ్యగారండి. నా చెయ్యి నా మాట ఇనట్లేదు" అంది ఒకరోజు నాతో. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేని మొహం.

మా కాకినాడంతటికీ నిద్ర పంచిన పిల్ల అది. ఎక్కడెక్కడివాళ్ళో దాని నిద్ర కట్టుకుని గుర్రు పెడుతున్నారు. దానికి మాత్రం కునుకు లేదు. నేను కంచం ముందు కూర్చుంటే కోపంతో ముద్ద దిగేది కాదు.

అలాంటి రోజుల్లోనే మా ఇంట్లో తోడు పాడైంది. ఆసుపత్రి గొడవలో పట్టించుకోక పెరుగు పుల్లబడి, బూజు పట్టి, గిన్నెతో సహా కడిగి బోర్లించాల్సి వచ్చింది. పాలు కాచాను గాని తోడు పెట్టడానికి ఏమీ లేదు. గోడ మీంచి భూలక్ష్మిని అడిగితే చిన్న గ్లాసులో తెచ్చిచ్చింది.

"మీ తోడేనండి ఇది. నేను కాపరానికొచ్చిన కొత్తలో మీరే ఇచ్చారు. అదే నడుస్తోంది" అంది.

నేను ఆ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మనది చెడిపోతే, మనం ఎవరికి పంచామో వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకుంటాం. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? వేణి పాత నిద్ర, చేత్తో సహా, చెక్కుచెదరకుండా ఉన్నది ఈ లోకంలో ఒకే ఒక్కచోట. నా తలగడ కింద.

ఇచ్చేస్తే నాకు మళ్ళీ ఉండదు. ఆ సంగతి వాళ్ళు మొదటే చెప్పారు. ఒక్క రోజు ఆలోచించానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. నిద్ర రుచి ఎరగనివాళ్ళకి అది ఇచ్చేయడం తేలిక, నాకు తేలిక కాదు. ఆఖరిసారి కంటినిండా నిద్రపోయి, లేచి, స్నానం చేసి, పట్టీని కుంకుడు రసంలో ఉతికి ఆరబెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక వేణిని చాప మీద కూర్చోబెట్టి, అరికాళ్ళకు నువ్వులనూనె పట్టించాను. అత్త కాళ్ళు పట్టడమేమిటని గింజుకుంది. నోరు మూసుకోమన్నాను. పట్టీ నేనే కట్టాను. పిల్లని నేను చూస్తాను, కదలను, ఒట్టు, అన్నాను. నా కళ్ళలోకి చూసి, అప్పుడు పడుకుంది.

నిద్ర పట్టింది. చెయ్యి మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రోజూ మధ్యాహ్నం నేను గుమ్మంలో పీట మీద కూర్చుని ఆ చేతినే చూసేదాన్ని. గుండెల మీద రెండు చేతులూ పెట్టుకుని తీర్చినట్టు పడుకుంటే చూడలేక, వాటిని తీసి పక్కన పెట్టేదాన్ని. మళ్ళీ గుండెల మీదకే వెళ్ళేవి.

అలా ఒక మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పడుకుని ఉండగా వీధి తలుపు దగ్గర చప్పుడైంది. డాక్టర్ విశ్వంభర్. బయట కారు, చేతిలో పళ్ళ బుట్ట. గుమ్మం దాటనివ్వకుండా అడ్డంగా నిలబడ్డాను. కొత్త పట్టీలు తిరిగి వస్తున్నాయట. జనం పడుకుంటున్నారు గాని, లేచాక పడుకోనట్టే ఉంటోందట, ఒళ్ళు బరువు, తల దిమ్ము. పాత నిద్రే కావాలంటున్నారట. అది నా పట్టీలో మాత్రమే ఉందట. ఒక్కసారి ఇస్తే కాపీ తీసుకుని, నాకు జీవితాంతం నిద్రకి లోటు లేకుండా చూస్తానన్నాడు. లోపల పడుకున్న వేణిని, తలకున్న పట్టీని చూసి తల అడ్డంగా ఊపాడు.

"లాభం లేదమ్మా. వేరుతో సహా పోయింది. మీ నిద్ర కూడా వృథా చేసుకుంటున్నారు" అన్నాడు.

నాకు వీధి వీధంతా వినబడేలా అరవాలనిపించింది. అరిస్తే పిల్లలు లేస్తారు. అందుకని గొంతు అణుచుకుని, దాదాపు చెవిలో చెప్పినట్టు మాట్లాడాను. అంత కోపంలో అంత మెల్లగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"ఆ పిల్ల మీకు దాని నిద్రంతా ఇచ్చింది. చేత్తో సహా ఇచ్చింది. మీరు చెయ్యి నరికేసి మిగతాది అమ్ముకున్నారు. అదేం చెయ్యో ముందే మీకు చెప్పాను, విని కూడా నరికారు. నా మనవరాలు నీళ్ళు కావాలంటే వేలు చూపిస్తోంది. మీరు మళ్ళీ ఈ గుమ్మం ముందు కనబడ్డారంటే, వీళ్ళు నిద్రపోతున్నారని కూడా చూడను."

ఆయన ఏదో అనబోయాడు. తలుపు మూసేశాను. దఢాలున వేయాలని ఉన్నా, అంగుళం అంగుళంగా మూసి, గడియ చప్పుడు కాకుండా దించాను. పీట మీద కూర్చోబోతూ, అలవాటు కొద్దీ చాప వైపు చూశాను.

వేణి కుడి చెయ్యి గుండెల మీద లేదు. చాప మీద మెల్లగా, తడుముకుంటున్నట్టు, పక్కకి జరుగుతోంది. మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ కదిలింది. ఇందు పొట్ట మీదకి ఎక్కి అక్కడ వాలింది. పిల్ల ఊపిరి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. ఇదివరకైతే ఒక్క ఊపిరి చూసుకుని వెనక్కి వచ్చేసే చెయ్యి, ఆ రోజు మాత్రం రాలేదు.

ఇప్పుడు వేణి రాత్రిళ్ళు పడుకుంటోంది. పట్టీ అవసరం కూడా తీరిపోయింది. ఇందుకి ఆ తర్వాత రెండుసార్లు ఫిట్స్ వస్తే రెండుసార్లూ లేచింది. నేను మళ్ళీ ఫ్యాను కేసి చూస్తున్నాను. కోపం తగ్గించుకుంటే నిద్ర పడుతుందని, పాలలో కాస్త జాజికాయ అరగదీసుకోమని భూలక్ష్మి చెబుతోంది. జాజికాయ సంగతి సరే. కోపం మాత్రం తగ్గించుకోను. పాప చెయ్యి ఇంకా గ్లాసు పట్టుకోలేకపోతోంది.